చెక్ ఇంజిన్ లైటు, నాన్న సబ్బు నీళ్లు

వెంకటాచలం టోల్ ప్లాజా దగ్గర రాత్రి పదకొండు దాటింది. మా ముందు ఓ ఇరవై లారీలు. చెన్నైలో పెళ్లి చూసుకుని నేనూ అమ్మా నెల్లూరు వస్తున్నాం. ఫాస్టాగ్ లైనే అయినా ఎవరి ట్యాగ్‌లోనో డబ్బుల్లేక అంతా ఆగిపోయాం. అప్పుడే మీటరు బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగింది.

"తల నొప్పిగా ఉందిరా. ఏదో పెట్రోలు వాసన" అంది అమ్మ.

"లారీల పొగమ్మా. ఏసీ రీసర్క్యులేషన్‌లో పెడతాలే" అన్నాను. ఇంజిన్ లైటు సంగతి చెప్పలేదు. అది అంతకుముందు వారం కూడా వెలిగింది. ఫోన్‌లో యాప్ తెరిచి చెరిపేశాను. మళ్లీ వెలిగింది, మళ్లీ చెరిపేశాను. అలా మూడుసార్లు.

ఆ తర్వాత నెలన్నరలో ఆ లైటు నాకు చాలా నేర్పింది. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో నేర్చుకోనివి కూడా. అందుకే ఇదంతా రాస్తున్నా.

సెకండ్ హ్యాండ్ మోజు

నా కారు ఓ టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్-4 కాలం నాటిది. బెంగళూరులో ఓ కుర్రాడి దగ్గర కొన్నాను. స్టేజ్-1 రీమ్యాప్ చేయించాడు. అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి టర్బో ఒత్తిడి, పెట్రోలు, స్పార్క్ టైమింగ్ పెంచారన్నమాట. దాంతోపాటు టర్బో వెనకాల ఉండే డౌన్‌పైప్ కూడా మార్చాడు. కంపెనీ పైపులో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ఇతను పెట్టించిన దాంట్లో లేదు. పాత పైపుని డిక్కీలో పడేసి ఇచ్చాడు. "ఎప్పుడైనా పనికొస్తుంది బ్రో" అన్నాడు. ఆ ఒక్క మాటా నిజమైంది.

యాక్సిలరేటర్ తొక్కగానే వీపు సీటుకి అతుక్కునే ఆ తోపుడు ఉంది చూశారూ, అది ఒక్కసారి అలవాటైతే మామూలు కారు ఎడ్లబండిలా అనిపిస్తుంది. గూడూరు దాటాక ఖాళీ రోడ్డు మీద నేనూ చిన్నపిల్లాడినైపోయాను. కాదనను.

వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి నెల్లూరులోనే ఉంటాను. నాన్న సముద్రం ఒడ్డున ఓ రొయ్యల హేచరీలో టెక్నీషియన్. వారానికి మూడు నాలుగుసార్లు ఆయన్ని దింపడానికో తీసుకురావడానికో అక్కడికి వెళ్తాను. కారు గంటల తరబడి ఉప్పుగాలిలో నిలబడుతుంది. ఈ వివరం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ సెన్సర్ ఏం చూస్తుంది?

లైటు వెలిగినప్పుడు యాప్ చూపించిన కోడ్ పీ0171. సిస్టమ్ టూ లీన్. అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది, మిశ్రమం పలచబడింది అని.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సరిగ్గా ఆ పాళ్లలో ఉంటే లాంబ్డా 1 అంటారు. ఒకటి దాటితే లీన్, అంటే పలచన. ఒకటి కన్నా తగ్గితే రిచ్, అంటే చిక్కన. మజ్జిగలో నీళ్ల లెక్క లాంటిదే.

ఈ పాళ్లు సరిగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఎగ్జాస్ట్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. 1976లో బాష్ కంపెనీ సెన్సర్‌ని మొదట వోల్వో కార్లలో పెట్టారు. ఇవాళ రోడ్డు మీద తిరిగే పెట్రోలు కార్లలో దాదాపు అన్నిట్లో అది ఉంటుంది. జిర్కోనియా అనే సిరామిక్ ముక్క దాని గుండెకాయ. మూడొందల డిగ్రీలు దాటి వేడెక్కితేనే పనిచేస్తుంది. అందుకే లోపల హీటర్ కూడా పెడతారు. బయటి గాలిలో ఉన్న ఆక్సిజన్‌కీ, పొగలో మిగిలిన ఆక్సిజన్‌కీ తేడా చూసి కంప్యూటర్‌కి చెబుతుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిందంటే పెట్రోలు చాల్లేదని కంప్యూటర్ అనుకుంటుంది. వెంటనే ఇంకాస్త పోస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ సెన్సర్‌కి పెట్రోలు కనిపించదు. దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. పెట్రోలు సంగతి కంప్యూటర్ ఊహించుకుంటుంది. ఈ చిన్న విషయం నాకు బుర్రకెక్కడానికి నెలన్నర పట్టింది.

పదకొండు వేలు పాయె

ఆటోనగర్‌లో ఓ మెకానిక్ అన్న కోడ్ చూసీ చూడగానే తేల్చేశాడు. "ఆక్సిజన్ సెన్సర్ పోయుండాదన్నా. మార్చేద్దాం."

నాకూ సబబుగానే అనిపించింది. ఆక్సిజన్ సెన్సర్ ఫిర్యాదు చేస్తోంది కాబట్టి ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి! కరెంటు పోయిందని ఫోన్ చేసిన మనిషినే మార్చేసినట్టుంది ఈ లెక్క. అప్పుడు తట్టలేదు. పదకొండు వేలు పెట్టి కొత్తది తెప్పించి వేయించాను.

నాలుగు రోజులు బాగుంది. కోడ్ చెరిపేశాక కంప్యూటర్ మళ్లీ మొదట్నించీ నేర్చుకోవాలి కదా, ఆ నాలుగు రోజులూ అది నేర్చుకుంటోంది. అయిదో రోజు మళ్లీ పసుపు బొమ్మ. అదే పీ0171.

"అయితే పెట్రోలేనన్నా. ఇప్పుడంతా ఈ20 కదా, ఇథనాల్" అన్నాడు అన్న.

ఇందులో కొంత నిజం ఉంది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అది మండడానికి తక్కువ గాలి చాలు. కిలోకి తొమ్మిది కిలోలే. అంటే అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ పోయాలి. కానీ పది శాతం ఇథనాల్ నుంచి ఇరవై శాతానికి మారితే ఆ తేడా మూడు నాలుగు శాతం. నా కారు ఎంత ఎక్కువ పోస్తోందో అప్పటిదాకా నేను చూడనే లేదు. కోడ్ చదివాను గానీ అంకెలు చదవలేదు.

"లైటే రాదు బ్రో"

ఈలోగా ఓ ట్యూనర్ నంబరు దొరికింది. ఫోన్‌లో చాలా తేలిగ్గా చెప్పాడు. "డౌన్‌పైప్ ఉన్న బండ్లకి ఇది మామూలే బ్రో. కోడ్ డిలీట్ చేసేస్తా. ఇంక ఆ లైటే రాదు. ఆదివారం తీసుకురా."

వెళ్దామనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా ఉద్యోగంలో నేను చేసేది కూడా అదే. రాత్రి రెండింటికి సర్వర్ అలర్ట్ మోగుతుంది. లేచి చూస్తే ఏమీ ఉండదు. మూడు రోజులు అలా మోగితే నాలుగో రోజు మ్యూట్ చేస్తాం. 'నాయిస్' అని పేరు పెడతాం. మ్యూట్ చేశామన్న సంగతి నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. ఈలోగా డేటా చూద్దామని ఓబీడీ డాంగిల్‌తో కూర్చున్నాను. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసే చిన్న డబ్బా. స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చితే చాలు.

చూడాల్సినవి రెండు అంకెలు. షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. సెన్సర్ చెప్పిన దాన్నిబట్టి కంప్యూటర్ ఈ క్షణం ఎంత పెట్రోలు కలుపుతోందో, తగ్గిస్తోందో మొదటిది చెబుతుంది. ఆ సవరణ రోజూ అవసరమవుతుంటే దాన్ని అలవాటుగా మార్చుకుని రెండోదాంట్లో రాసుకుంటుంది. అటూ ఇటూ అయిదు శాతం లోపు ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. పది దాటితే ఏదో ఉంది. ఇరవై దాటిందంటే చాలా బండ్లలో లైటు వెలుగుతుంది.

నాకు వచ్చిన లాంగ్ టర్మ్ అంకెలివి. ఐడిల్‌లో ప్లస్ 22. నిలబెట్టి 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టుకుంటే ప్లస్ 14. హైవే మీద తొంభైలో వెళ్తుంటే ప్లస్ 5.

ఈ మూడు అంకెలతోనే సగం అనుమానాలు తీరిపోయాయి. ఫ్యూయల్ పంపు బలహీనపడితే పెట్రోలు ఎక్కువ కావాల్సినప్పుడు, అంటే లోడ్ మీద లీన్ అవ్వాలి. నాకు అక్కడే బాగుంది. పెట్రోలే కారణమైతే అన్ని చోట్లా కాస్త అటూ ఇటుగా ఒకేలా ఉండాలి. ఐడిల్‌లో 22, హైవేలో 5 ఉండదు. ఆ అయిదులో ఈ20 వాటా ఉంటే ఉండొచ్చు.

సెన్సర్ మాటేమిటి? యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి చూశాను, వెంటనే రిచ్ వైపు దూకింది. గేరులోనే కాలు తీసేశాను. అప్పుడు కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది, పైపులోకి వట్టి గాలే వస్తుంది. సెన్సర్ టక్కున లీన్ చివరికి వెళ్లింది. చక్కగా పనిచేస్తోంది. పాతది కూడా ఇలాగే చేసేదేమో. మార్చే ముందు రెండు నిమిషాలు ఈ పరీక్ష చేసుంటే పదకొండు వేలు మిగిలేవి.

ఐడిల్‌లో ఎక్కువ, లోడ్‌లో తక్కువ అంటే పుస్తకాలు చెప్పే జవాబు ఒకటే. వ్యాక్యూమ్ లీక్. ఇంజిన్ గాలి పీల్చే వైపు ఎక్కడో చిల్లు పడి లెక్కలో లేని గాలి దూరుతోందని. మెకానిక్ అన్న చేత పొగ పరీక్ష చేయించాను. ఇన్‌టేక్‌లోకి పొగ ఊది ఎక్కడ బయటికొస్తుందో చూస్తారు. ఎక్కడా రాలేదు. ఆ తర్వాత ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. నా కారు గాలిని కొలిచేది మ్యాప్ సెన్సర్‌తో, అంటే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడిని చూసి. దొంగచాటుగా దూరిన గాలి కూడా ఆ ఒత్తిడిలో భాగమే కాబట్టి చాలావరకు లెక్కలోకి వచ్చేస్తుంది. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండ్ల కోసం రాసిన జవాబుని నా బండికి అంటగడుతున్నాను.

పొల్యూషన్ వ్యాన్ చెప్పిన మాట

శుక్రవారం పెట్రోలు కొట్టించడానికి వెళ్తే బంకు పక్కన పొల్యూషన్ సర్టిఫికెట్ వ్యాన్ ఉంది. నా సర్టిఫికెట్‌కి ఇంకా టైముంది. అయినా "ఒకసారి రీడింగ్ చూడన్నా" అన్నాను. అతను సైలెన్సర్‌లో ప్రోబ్ పెట్టాడు.

బీఎస్-4 పెట్రోలు కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. నా కారు అయిదు దాటింది.

"ఏందన్నా ఇది, జనరేటరా?" అన్నాడతను.

క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు కాబట్టి 0.3 దాటుతుందని నాకు తెలుసు. కానీ అయిదా? పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువైన ఇంజిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ పెద్దగా పుట్టదు. ఆక్సిజన్ చాలక సగం సగం మండితేనే అది పుడుతుంది. అంటే నా ఇంజిన్ లీన్ కానే కాదు. బాగా రిచ్‌గా నడుస్తోంది.

సైలెన్సర్ మూతి చూస్తే కాటుకలా మసి. మైలేజీ 15 నుంచి 11కి పడిపోయింది. రోజూ చూస్తున్నవే ఇవన్నీ. కంప్యూటర్ లీన్ అంటోంది కాబట్టి కళ్లకి కనిపించినవి పక్కన పెట్టాను.

అప్పుడు అమ్మ తలనొప్పి గుర్తొచ్చింది. బంకులోనే కాసేపు కదలకుండా నిలబడిపోయాను.

"గాలి యాడ నించి వస్తా ఉండాదో చూడు"

ఆ సాయంత్రం నాన్నని తీసుకురావడానికి హేచరీకి వెళ్లాను. దారిలో సంగతంతా చెప్పాను. ఆయనకి కార్ల గురించి ఏమీ తెలీదు. టైరులో గాలి కూడా నాచేతే చూపిస్తారు. కానీ ఆక్సిజన్ అనగానే చెవులు నిక్కించారు. ఆయన బతుకంతా దానితోనే కదా.

రొయ్యల గుంటల్లో డీవో అంటారు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్. వనామీ రొయ్యకి లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల పైనే ఉండాలని చూస్తారు. పగలు నీళ్లలో ఉండే నాచు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ నాచే ఆక్సిజన్ తాగుతుంది. అందుకే తెల్లవారుజామున డీవో అడుక్కి పడిపోతుంది. రైతు నిద్ర మాని మీటరు పట్టుకుని గట్ల మీద తిరిగేది ఆ వేళకే.

"కొత్త సెన్సర్ ఏసినా అదే చెప్పిందా?" అన్నారు నాన్న.

"అదే."

"పాతదీ అదే, కొత్తదీ అదే. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్తా ఉంటే నిజమే చెప్తా ఉండారు. దాని ముందర గాలి ఉండాది. అది ఇంజిన్లోది కాకపోతే ఇంకో దోవలో వస్తా ఉండాది. యాడ నించి వస్తా ఉండాదో చూడాల."

నేను నవ్వాను. "ఎందుకులే నాన్నా. ఎల్లుండి ఒకతను కోడ్ డిలీట్ చేస్తానన్నాడు. ఇంక లైటే రాదు."

నాన్న మాట్లాడలేదు. మైపాడు రోడ్డు మీద చాలాసేపు అలాగే వచ్చాం. ఇల్లు దగ్గర పడ్డాక అన్నారు. "ఆదివారం యాడికీ పోబాక. బండి హేచరీకి తీసకరా, పొద్దన్నే. ఇంజిన్ చల్లగా ఉండాల."

బుడగలు

హేచరీలో తొట్లన్నిటికీ గాలి వెళ్లేది ప్లాస్టిక్ పైపుల్లోంచి. ఒక పెద్ద బ్లోవర్ రాత్రింబవళ్లు ఊదుతూ ఉంటుంది. ఎక్కడ జాయింటు కారినా ఆ చివరి తొట్టిలో పిల్లలకి గాలి అందదు. కారేది కంటికి కనిపించదు, ఆ హోరులో చెవికీ వినిపించదు. అందుకని నాన్నావాళ్లు సబ్బు నీళ్లు కొడతారు. బుడగ లేచిన చోట లీకు. సైకిల్ పంక్చర్ షాపులో నీళ్ల టబ్బు చేసే పనే.

నాన్న పక్కన పడి ఉన్న చిన్న బ్లోవర్ తెచ్చారు. దాని పైపుని నా సైలెన్సర్ మూతికి పెట్టి, సందుల్లేకుండా పాత సైకిల్ ట్యూబుతో చుట్టారు. బ్లోవర్ ఆన్ చేశాం. నేను బానెట్ ఎత్తి టర్బో మీది హీట్ షీల్డ్ విప్పాను. నాన్న స్ప్రే బాటిల్‌తో జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొడుతూ వచ్చారు, తొట్ల దగ్గర కొట్టినంత మామూలుగా.

టర్బోకీ డౌన్‌పైప్‌కీ మధ్య ఫ్లాంజ్ దగ్గర, కింది వైపు, తెల్లగా నురగ లేచింది. పిల్లలు ఊదే సబ్బు బుడగల్లాగా ఒకదాని వెంట ఒకటి.

"అద్దో" అన్నారు నాన్న.

టార్చి వేసి చూస్తే ఒక నట్టు ఉప్పుగాలికి సగం తినేసి ఉంది. లోపల గాస్కెట్ ఆ పైపుకి సరిపోయేది కాదు, కొలత తేడా. నట్టు వదులయ్యాక గాస్కెట్ ఓ మూల కాలి ఊడిపోయింది.

ఇప్పుడు అన్నీ కలిశాయి. ఇంజిన్లోంచి పొగ నిలకడగా రాదు, తెరలు తెరలుగా వస్తుంది. తెరకీ తెరకీ మధ్య పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఆ క్షణంలో ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఆ సందుకి జానెడు అవతలే సెన్సర్ ఉంది. బయటి గాలిలో 21 శాతం ఆక్సిజన్ కదా. సెన్సర్ చూసింది, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. 'పెట్రోలు చాల్లేదు కాబోలు' అని కంప్యూటర్ ఇంకా ఇంకా పోసింది. ఎంత పోసినా ఆ సందులోంచి గాలి వస్తూనే ఉంది. హైవే మీద పొగ వేగం పెరిగి పైపులో ఒత్తిడి నిలకడగా ఉంటుంది కాబట్టి గాలి దూరేది తక్కువ. అందుకే అక్కడ అయిదే. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని శబ్దం వచ్చి, వేడెక్కాక ఆగిపోయేది. ఇంజెక్టర్ల శబ్దం అనుకున్నాను. అదీ ఇదే.

ఇంకొకటి కూడా అర్థమైంది. గాలి లోపలికి వచ్చే సందులోంచి పొగ బయటికీ వస్తుంది. ఆ ఫ్లాంజ్ ఉన్నది బానెట్ కింద, క్యాబిన్‌కి గాలి వెళ్లే దోవకి దగ్గర్లో. టోల్ ప్లాజా దగ్గర అరగంట ఐడిల్‌లో నిలబడ్డాం. అయిదు శాతం కార్బన్ మోనాక్సైడ్ కక్కుతున్న ఇంజిన్‌తో. అమ్మ తలనొప్పి దానివల్లే అని నేను నిరూపించలేను. కాదని కూడా అనలేను. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అమ్మకి తెలిసిన పెట్రోలు వాసన సగం కాలిన పెట్రోలుది. అది కూడా రాకపోయుంటే ఆ మాత్రం హెచ్చరిక కూడా ఉండేది కాదు.

కోడ్ డిలీట్ చేయించి ఉంటే లైటు వచ్చేది కాదు. పొగ మాత్రం వస్తూనే ఉండేది.

సైరన్ సంగతి

బ్లోవర్ ఆపేసి గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాం. అప్పుడు నాన్న చెప్పారు.

2014లో నేను ఇంటర్ సెకండియర్. నాన్న ఇంకొకాయనతో కలిసి రెండు గుంటలు లీజుకి తీసుకుని వనామీ వేశారు. పంట ఇంకో మూడు వారాల్లో చేతికొస్తుందనగా ఒక రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయాయి. తెల్లారేసరికి రొయ్యలు తేలిపోయాయి. గట్టు పొడుగునా తెల్లగా. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. నా ఇంజినీరింగ్ ఫీజుకి అమ్మ గాజులు పోయాయి. ఇంట్లో మాకు తెలిసిన కథ ఏమిటంటే, కరెంటు పోతే మోగాల్సిన సైరన్ ఆ రాత్రి పనిచేయలేదని.

"సైరన్ బాగానే ఉణ్ణింది" అన్నారు నాన్న. సముద్రం వైపు చూస్తున్నారు. "ఓల్టేజీ కొంచెం అటూ ఇటూ అయితే చాలు, మోగతా ఉణ్ణింది. రాత్రికి ఏడెనిమిదిసార్లు. లేచి పోతే ఏమీ ఉండదు. మూడు రోజులు నిద్ర లేదు. నాలుగో రోజు వైరు పీకేసినా. రేపు పొద్దన్న పెడదాంలే అనుకున్నా."

నాకేమనాలో తెలీలేదు. పదకొండేళ్లుగా ఆయన ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా.

"జనరేటర్ కూడా ఉణ్ణింది. డీజిలు కూడా ఉణ్ణింది" అన్నారు. గ్లాసు కింద పెట్టి లేచారు. "పో, ఆ నట్లు యాడ దొరకతాయో చూడు. ఉప్పుకి తినేదిగాదు, స్టీలుది తీసకరా."

ఇప్పుడు

డిక్కీలో ఉన్న పాత డౌన్‌పైప్, క్యాటలిటిక్ కన్వర్టర్‌తో సహా, మళ్లీ బిగించాం. కొత్త గాస్కెట్, కొత్త స్టడ్లు, కొత్త నట్లు. మొత్తం కలిపి సెన్సర్ ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు. కంప్యూటర్ నేర్చుకున్న పాత అలవాట్లు చెరిపేసి వారం రోజులు మామూలుగా తిప్పాను. ఐడిల్ ట్రిమ్ ప్లస్ 3. హైవేలో ప్లస్ 4. పొల్యూషన్ వ్యాన్ అతను ఈసారి 0.1 చూసి "అదే బండేనా అన్నా?" అన్నాడు. మైలేజీ మళ్లీ పధ్నాలుగున్నర.

రీమ్యాప్ కూడా తీసేసి కంపెనీ సాఫ్ట్‌వేర్ వేయించాను. కంపెనీ ఇచ్చిన రూపురేఖలు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. అది ముందూ తెలుసు, పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకున్నది చట్టానికి భయపడి మాత్రమే కాదు. నాకు పూర్తిగా అర్థం కాని మార్పులు చేసిన బండిలో అమ్మని కూర్చోబెట్టాను కదా, అదీ సంగతి. గూడూరు దాటాక ఆ తోపుడు లేకపోతే కాస్త వెలితిగా ఉన్నమాట నిజమే. ఎప్పుడైనా మరీ దురదగా ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది. నెల్లూరు నుంచి నాలుగు గంటల దారి. అక్కడైతే ఎదురుగా లారీ రాదు.

మీలో ఎవరి బండికైనా ఆ పసుపు బొమ్మ వెలిగితే ఒక్క మాట. కోడ్ అనేది జవాబు కాదు, ప్రశ్న. ముందు ట్రిమ్ అంకెలు చూడండి. ఐడిల్‌లో ఎంత, లోడ్‌లో ఎంత అని విడివిడిగా రాసుకోండి. సైలెన్సర్ మూతి చూడండి. పొల్యూషన్ రీడింగ్ తీయించండి, వందో రెండొందలో అంతే. సెన్సర్ చెప్పేదీ పొగ చెప్పేదీ కలవకపోతే, రెండూ నిజమయ్యే దారి ఏదైనా ఉందేమో వెతకండి. బండిలో ఎవరికైనా తల నొప్పి వస్తే అద్దాలు దించి, ఇంజిన్ ఆపి, ముందు వాళ్లని కిందికి దించండి. మిగతావన్నీ ఆ తర్వాత.

సోమవారం ఆఫీసులో లాగిన్ అయ్యాక మొదట చేసిన పని, మేం మ్యూట్ చేసిన అలర్టుల లిస్టు తీయడం. పంతొమ్మిది ఉన్నాయి. అందులో పదహారు నిజంగానే పనికిమాలినవి, వాటిని సరిచేశాం. మిగతా మూడు మళ్లీ మోగుతున్నాయి.

మొన్న అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వస్తుంటే మళ్లీ అదే టోల్ దగ్గర ఆగాం. పది నిమిషాలు.

"తల నొప్పేమైనా ఉందా అమ్మా?" అన్నాను.

"నువ్వు గంటకోసారి అడక్కుండా ఉంటే ఏమీ ఉండదు" అంది.